బర్రె గోడ మట్టి నాకుతుంది, ఎదకు రాదు: రెండు డబ్బాల కాల్షియం అయిపోయింది, ఇంకేం చేయాలి?

చండూరు_కొట్టం

నమస్తే అందరికీ. మాది చండూరు దగ్గర ఒక పల్లె. కొట్టంలో మూడు బర్రెలు, ఒక ముసలి ఆవు, రెండు పెయ్యలు ఉన్నాయి. వాటిలో రెండో ఈత బర్రె గురించే నా టెన్షన్ అంతా. ఈని తొమ్మిది నెలలైంది, ఇంతవరకు ఎదకు రాలేదు. మొదట్లో రెండు పూటలా కలిపి ఆరు లీటర్ల దాకా ఇచ్చేది, ఇప్పుడు మూడున్నర దాటడం లేదు. తాడు విప్పితే చాలు, గోడ దగ్గరికి పోయి మట్టి నాకుతుంది. మొన్న దండెం మీద ఆరేసిన మా అమ్మ చీర కొంగు సగం నమిలేసింది. నల్లగా నిగనిగలాడే బర్రె, ఇప్పుడు వెంట్రుక ఎర్రబడి తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది.

మేత అంటే యంత్రంతో కట్టిన వరిగడ్డి మోపులే. పైన రోజుకు కిలో మక్కల నూక, రెండు గుప్పెళ్ల పత్తి చెక్క. పచ్చిగడ్డి వానాకాలంలో గట్ల మీద దొరికినంత. నీళ్లు బోరువి.

మందుల షాపులో చెబితే కాల్షియం ఇచ్చారు. ఐదు లీటర్ల డబ్బాలు రెండు అయిపోయాయి. మార్పు ఏమీ లేదు. ఇప్పుడు మూడో డబ్బా తీసుకోమంటున్నారు, లేదంటే బలం సూదులు వేయించమంటున్నారు. ఎవరైనా దారి చెప్పండి. ఈ బర్రె పాల మీదే మా చెల్లె ఫీజు కట్టాలి.

హాలియా_ఆయకట్టు

తమ్ముడూ, ముందు నట్టల మందు ఎప్పుడు తాగించావో చెప్పు. కడుపులో నట్టలు ఉంటే ఏం పెట్టినా వాటికే పోతుంది. మట్టి తినే పశువుకు నట్టలు ఇంకా పెరుగుతాయి. రెండో మాట, అది నమిలేది గుడ్డే కాదు, ఇనుప తీగ ముక్క, మేకు దొరికినా మింగుతుంది. అది గుండె దాకా గుచ్చుకుంటే పశువు దక్కదు. గడ్డి మోపులకు కట్టే తీగలు కొట్టంలో ఒక్కటి కూడా లేకుండా ఏరిపారెయ్.

చండూరు_కొట్టం

నట్టల మందు దసరాకు తాగించాం అన్నా. ఉప్పు కుడితిలో రోజూ వేస్తాం. తీగలు ఇవాళే ఏరుతాను, ఆ సంగతి నాకు తట్టలేదు.

పాలమూరు_పశువైద్యుడు

చూడకుండా జబ్బు పేరు పెట్టకూడదు. అందుకే ముందుగా ఒక పని చేయండి. మీ దగ్గరి పశువుల దవాఖానలో గర్భసంచి పరీక్ష చేయించండి. లోపల చీము ఉన్నా, అండాశయంలో లోపం ఉన్నా ఎద రాదు. అప్పుడు ఖనిజ లవణాలు ఎన్ని పెట్టినా డబ్బు వృథా.

గర్భసంచి బాగుందని తేలితే మేత గురించి మాట్లాడుకుందాం. దానికి ముందు ఒక ప్రశ్న. మీరు తవుడు పెట్టడం లేదా? మన దగ్గర బర్రెకు తవుడు పెట్టని ఇల్లు ఉండదు కదా, మీ పోస్టులో ఆ మాటే లేదు.

చండూరు_కొట్టం

పెట్టేవాళ్లం సార్. రేటు బాగా పెరగడంతో నిరుడు యాసంగి నుంచి ఆపేశాం. ఆ డబ్బుతో మక్కల నూక కొంటున్నాం.

పాలమూరు_పశువైద్యుడు

మీ సమస్యకు సగం జవాబు అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మీ బర్రె రోజుకు ఎనిమిది కిలోల వరిగడ్డి తింటుంది అనుకుందాం. వరిగడ్డిలో భాస్వరం 0.1 శాతం దగ్గర ఉంటుంది, అంటే 8 గ్రాములు. కిలో మక్కల నుంచి మరో 3 గ్రాములు. మీరు వేసే పత్తి చెక్క నుంచి ఇంకో గ్రామో రెండు గ్రాములో. మొత్తం 13 గ్రాములు దాటదు. పాలిచ్చే బర్రెకు 20 గ్రాములకు తగ్గకుండా కావాలి. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కిలోకు సుమారు 15 గ్రాములు. మీరు తవుడు ఆపిన రోజే బర్రెకు భాస్వరం ఇచ్చే పెద్ద దారి మూసుకుపోయింది. మక్కలు బలమే, కాదనను. కానీ ఆ బలం పిండి పదార్థం, ఖనిజం కాదు.

భాస్వరం లోటు పడ్డ పశువు మట్టి, గుడ్డలు, తోలు, ఎముకలు నమలడం పాత కాలం నుంచి చూస్తున్న లక్షణం. ఎద ఆలస్యం కావడం, పాలు తగ్గడం కూడా దాని వెంటే వస్తాయి. ఎముకలు నమిలే అలవాటు ఉన్నచోట ఇంకో ప్రమాదం ఉంది. కుళ్లిన కళేబరాల ఎముకల్లో బొటులిజం విషం ఉండొచ్చు. అది తగిలితే పశువు కాళ్లు చచ్చుబడి పడిపోతుంది. ఊరి బయట ఎముకలు పడేసే చోటికి మీ పశువుల్ని పోనివ్వకండి.

ఇక కాల్షియం డబ్బా. దాని లేబుల్ ఒకసారి చదవండి. నా దగ్గర ఉన్న ఒక సీసా మీద 100 మి.లీ.లో కాల్షియం మూడు గ్రాములకు కొంచెం పైన, భాస్వరం ఒకటిన్నర గ్రాములు అని ఉంది. అదే మామూలు ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు తీసుకోండి. మన దేశంలో ఉప్పు కలపని రకానికి ఉన్న ప్రమాణం ప్రకారం కాల్షియం 20 శాతం, భాస్వరం 12 శాతం ఉండాలి. అంటే 50 గ్రాముల్లో కాల్షియం 10 గ్రాములు, భాస్వరం 6 గ్రాములు. రాగి, జింకు, అయోడిన్, కోబాల్ట్, మాంగనీసు దానికి అదనం. ఖర్చు కూడా డబ్బా కంటే తక్కువే. పశువుకు లోటున్నది భాస్వరం అయినప్పుడు అది సరిపడా అందకుండా కాల్షియమే ఎక్కువగా పోస్తూ ఉంటే రెండింటి మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. ఒంట్లో కాల్షియం, భాస్వరం సుమారు రెండుకు ఒకటి పాళ్లలో నడవాలి.

వెంట్రుక ఎర్రబడటం నన్ను రాగి వైపు చూడమంటుంది. నల్ల రంగు తయారు కావాలంటే ఒక ఎంజైమ్ పనిచేయాలి, ఆ ఎంజైమ్ లో ఉండేది రాగి. రాగి తగ్గితే నల్ల బర్రె గోధుమ రంగుకు తిరుగుతుంది, కొన్నిటికి కళ్ల చుట్టూ అద్దాలు పెట్టినట్టు తేలిపోతుంది. ఎండ వల్ల, పాత బొచ్చు రాలక కూడా రంగు మారుతుంది కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చలేం. మిగతా లక్షణాలతో కలిపి చూస్తే అనుమానం గట్టిదే.

ఇంక పచ్చిమేత లేకపోవడం. పచ్చి ఆకులో ఉండే కెరోటిన్ నుంచే పశువు విటమిన్ ఏ తయారు చేసుకుంటుంది. ఎండి తెల్లబారిన వరిగడ్డిలో అది దాదాపు ఉండదు. బర్రె కెరోటిన్ మొత్తాన్ని విటమిన్ ఏ గా మార్చేస్తుంది, అందుకే బర్రె నెయ్యి తెల్లగా ఉంటుంది. ఆవు కొంత కెరోటిన్ ను అలాగే పాలలోకి పంపుతుంది, ఆ నెయ్యి పసుపుగా వస్తుంది. ఈ విటమిన్ తగ్గితే గర్భం నిలవదు, దూడలు బలహీనంగా పుడతాయి, రేచీకటి వస్తుంది. చీకటి పడ్డాక పెయ్యను కొత్త చోట విడిచి చూడండి. గుంజకు, తొట్టికి తగులుకుంటూ నడిస్తే అనుమానించాలి.

బలం సూదుల గురించి ఒక్క మాట. వాటిలో ఎక్కువగా ఉండే బి విటమిన్లను నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులే తయారు చేస్తాయి. బి12 తయారు కావడానికి వాటికి కోబాల్ట్ అందాలి. కడుపు పాడైనప్పుడు, చాలా రోజులు మేత మానేసినప్పుడు సూది అవసరం పడుతుంది. బాగా మేస్తున్న బర్రెకు వారం వారం అక్కర్లేదు.

హాలియా_ఆయకట్టు

సార్, ఇంత విడమరచి మాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయకట్టు ఊళ్లలో ఎవరి కొట్టం చూసినా వరిగడ్డే. సాగర్ ఎడమ కాలువ వచ్చాక జొన్న చేలు పోయాయి, జొన్న చొప్ప పోయింది. మా నాయన కాలంలో చొప్ప, కంది పొట్టు, పెసర తీగ, వేరుశనగ కట్టె అన్నీ కలిసి పశువు ముందు పడేవి. ఇప్పుడు ఏడాది పొడుగునా ఒకటే గడ్డి.

పాలమూరు_పశువైద్యుడు

సరిగ్గా పట్టుకున్నారు. పప్పుజాతి పొట్టులో, తీగలో కాల్షియం బాగా ఉంటుంది. వరిగడ్డిలో ఇసుక పదార్థం, అంటే సిలికా, ఎక్కువ. దానితో అరుగుదల తగ్గుతుంది. అందులోని ఆక్సలేట్లు ఉన్న కొద్ది కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటాయి. నలభై ఏళ్ల కింద మన పశువులకు మినరల్ మిక్చర్ పెద్దగా అవసరం పడలేదంటే కారణం ఆ కలగలుపు మేతే.

నల్లమల_మందకాడ

మాది అచ్చంపేట అవతల. మా దగ్గర పొడ తూర్పు ఆవులు ఉన్నాయి. అవి అడవిలో ఇరవై రకాల ఆకు తింటాయి. వాటికి నేను ఉప్పు తప్ప ఏదీ పెట్టను, ఏడాదిన్నరకు ఒక దూడ ఇస్తాయి. ఈ పోస్టులో రాయడానికి కారణం వేరే. ఇది చదివి ఎవరైనా గొర్రెలకు ఆవుల మినరల్ పౌడర్ పెడతారేమోనని భయమేసింది.

నేను పెట్టాను. మూడేళ్ల కింద నా మందలో పిల్లలు బలహీనంగా ఉన్నాయని ఒకరు చెబితే పెద్ద పశువుల మిశ్రమం సంచి తెచ్చి రోజూ దాణాలో కలిపాను. రెండు నెలలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎండాకాలం నీళ్ల కోసం దూరం తోలుకుపోయిన వారంలో మొదలైంది. పొద్దున లేచేసరికి ఒక గొర్రె మేత ముట్టదు, కళ్లు పసుపు, మూత్రం నల్లటి ఎరుపు. మరుసటి రోజు పోయింది. తర్వాత ఇంకోటి. అలా తొమ్మిది పోయాయి. కోసి చూసిన డాక్టరు మూత్రపిండాలు చూపించారు, నల్లగా ఉన్నాయి. రాగి ఎక్కువైందని చెప్పారు. ఆ సంచి మీద 'గొర్రెలకు వాడరాదు' అని చిన్న అక్షరాల్లో ఉందట. నాకు చదువు అంతంత మాత్రం, సంచి అమ్మినతను చెప్పలేదు. ఈ పోస్టు కూడా మా బిడ్డతో టైప్ చేయిస్తున్నాను.

ఆ తొమ్మిదిట్లో నాలుగు చూడి గొర్రెలు.

పాలమూరు_పశువైద్యుడు

అన్నా, మీరు ఇది రాసినందుకు ఎన్ని మందలు దక్కుతాయో. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపలేదు, దాచుకుంటూ పోతుంది. వారాలు, నెలలు ఏమీ కనిపించదు. ఎండ, దూరం నడక, మేత మార్పు లాంటి కష్టం రాగానే కాలేయం ఆ రాగిని ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మీరు చూసిన పసుపు కళ్లు, ఎర్ర మూత్రం దానివే. ఆ దశకు వచ్చాక బతికించడం చాలా కష్టం.

గొర్రెలకు వాటి కోసమే తయారు చేసిన మిశ్రమం వాడాలి, సంచి మీద ఆ మాట ఉండాలి. మేకలు రాగిని కొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. గిట్టల పుండ్లకు మైలుతుత్తం నీళ్లలో నడిపించేవాళ్లు కూడా జాగ్రత్త పడాలి, మైలుతుత్తం అంటే రాగి లవణమే. ఆ నీళ్లు గొర్రెలు తాగకుండా చూడండి, పని అయ్యాక మేత లేని చోట పారబోయండి. అలాగని రాగి అసలే అందకపోయినా నష్టమే. చూడి గొర్రెకు రాగి లోటుంటే పిల్లలు వెనక కాళ్లు ఈడుస్తూ పుడతాయి. గొర్రెకు కావాల్సినదానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ.

జడ్చర్ల_పాలకేంద్రం

నేను పాల సేకరణ కేంద్రం నడుపుతాను. రోజూ అరవై ఇళ్ల పాలు వస్తాయి, అందరి కొట్టాల సంగతి తెలుస్తుంది. కాల్షియం డబ్బాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి.

మా దగ్గర చాలామంది ఆడవాళ్లు బర్రె ఈనడానికి రెండు నెలల ముందు నుంచే కాల్షియం తాగిస్తారు. ఈనాక పాలజ్వరం రాకూడదని వాళ్ల ఆశ. ఒక పెద్దమ్మ అలాగే చేసింది. నాలుగో ఈత, పూటకు ఐదు లీటర్లు ఇచ్చే ముర్రా బర్రె. ఈనిన మర్నాడు పొద్దున పడిపోయింది. మెడ ఒక పక్కకు తిప్పుకుని పడుకుంది, చెవులు చల్లగా, ముట్టె ఎండిపోయి. పేరు పాలజ్వరం కానీ ఒళ్లు చల్లబడుతుంది, జ్వరమే ఉండదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేస్తే బండి వచ్చింది. డాక్టరు నరానికి కాల్షియం మెల్లగా ఎక్కించారు. గంటలోపే లేచి నిలబడింది, మేమంతా చప్పట్లు కొట్టాం.

తర్వాత ఆయన చెప్పిన మాట మేమందరం ఇప్పుడు పాటిస్తున్నాం. చూడి చివరి మూడు వారాలు అదనంగా కాల్షియం పెట్టకూడదు. నోటి నుంచి దండిగా వస్తుంటే ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని తీసే పని ఒంటికి అలవాటు తప్పుతుంది. ఈనగానే జున్నుపాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోతుంది, అప్పుడు ఒళ్లు తట్టుకోలేదు. ఈనాక మొదలుపెట్టాలి, ముందు కాదు. ఇంకోటి, మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండొద్దు. పడిపోయిన బర్రెకు నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చస్తుంది.

కొత్త_డెయిరీ

అక్కా, నరానికి ఎక్కించే కాల్షియం సీసాలు షాపులో దొరుకుతున్నాయి కదా. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైతే మనమే వేయొచ్చా?

పాలమూరు_పశువైద్యుడు

వద్దు. దయచేసి వద్దు. కాల్షియం వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. మేము గుండె చప్పుడు వింటూ, పశువు మీద ఒక చేయి వేసి, చుక్క చుక్కగా ఎక్కిస్తాం. వచ్చేవరకు పశువును ఒక పక్కకు పూర్తిగా ఒరగనివ్వకుండా, ఎదురొమ్ము మీద కూర్చున్నట్టు గడ్డి మోపులు ఆనించి పెట్టండి. లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

జడ్చర్ల_పాలకేంద్రం

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పనివ్వండి సార్. మాయ పడేదాకా దూడకు పాలు తాగించొద్దని ఇప్పటికీ అంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దూడ పుట్టిన గంట రెండు గంటల్లోనే జున్నుపాలు తాగాలి. రోగాలను తట్టుకునే శక్తి వాటి నుంచే వస్తుంది, విటమిన్ ఏ కూడా దూడకు తల్లి కడుపులో పెద్దగా అందదు, జున్నుపాలతోనే అందుతుంది. ముప్పై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్ల దాకా పట్టాలి. మనం జున్ను వండుకోవడం దూడ తాగాకే. మా కేంద్రంలో మొదటి నాలుగు రోజులు ఆ ఇంటి పాలు తీసుకోను, ఎంత అడిగినా సరే.

కొత్త_డెయిరీ

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి షాద్‌నగర్ దగ్గర నాలుగు ఆవులతో మొదలుపెట్టాను. నీటి గుంతలో పెంచే అజొల్లా మొక్క వేస్తే మినరల్ మిక్చర్, దాణా రెండూ అక్కర్లేదని వీడియోల్లో చూశాను. ప్రొటీన్ 25 శాతం, ఇనుము, కాల్షియం, కెరోటిన్ అన్నీ ఉంటాయట. చండూరు అన్న కూడా అదే వేస్తే సరిపోదా?

హాలియా_ఆయకట్టు

నేను రెండేళ్లు వేశాను తమ్ముడూ. ఎండాకాలం గుంతలో అజొల్లా మాడిపోయింది, నీళ్లు చాలలేదు. వానాకాలం బాగా వస్తుంది. మంచిదే, కానీ దాని మీద ఆశపడి దాణా ఆపితే పాలు పడిపోయాయి.

పాలమూరు_పశువైద్యుడు

అజొల్లాలో ఉన్నవన్నీ నిజమే. కానీ ఆ 25 శాతం ఎండబెట్టిన లెక్క. పచ్చి అజొల్లాలో తొంభై శాతానికి పైగా నీరే. రోజుకు రెండు కిలోలు పెడితే అందులో అసలు మేత 120 గ్రాములు. దానితో కెరోటిన్ కొంత, ఖనిజాలు కొంత అందుతాయి, సంతోషమే. నాలుగు ఆవుల దాణా బదులు అది ఎలా సరిపోతుంది? పచ్చిమేతకు మీ దగ్గర పది గుంటలు ఉన్నా సూపర్ నేపియర్, దాని గట్టు మీద అవిశ, మునగ పెట్టుకోండి. నేపియర్ ఒక్కటే మేపొద్దు, అందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి. సుబాబుల్ మోతాదు మించొద్దు, దానిలోని మిమోసిన్ థైరాయిడ్ ను దెబ్బతీస్తుంది.

మిశ్రమాన్ని కుడితిలో పోసేవాళ్లకు ఒక సూచన. ఖనిజ పొడి కరగదు, తొట్టి అడుగున పేరుకుంటుంది. తడిపిన దాణాలో కలిపి పెట్టండి. ఉప్పు కలపని మిశ్రమం అయితే రోజుకు 30 గ్రాముల ఉప్పు విడిగా ఇవ్వాలి.

మర్రిగూడ_మాస్టారు

చండూరు బాబూ, నీ పోస్టులో అందరూ మేత చూశారు, నేను 'నీళ్లు బోరువి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను మర్రిగూడ మండలంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. వంకరపోయిన కాళ్లతో బడికి వచ్చిన పిల్లలు నా కళ్ల ముందు ఉన్నారు. ఫ్లోరైడ్ మనుషుల్నే కాదు, అదే నీళ్లు తాగే పశువుల్నీ వదలదు. వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మనుషుల తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని ప్రమాణం. పశువు రోజుకు యాభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. దాని ఒంట్లోకి పోయేది ఎంతో ఆలోచించు. ఇళ్లకు కృష్ణా నీళ్ల నల్లాలు వచ్చాక మనుషులు బోరు నీళ్లు మానుకున్నారు, కొట్టంలోని తొట్టికి మాత్రం ఇంకా బోరు పైపే.

మీ ముసలి ఆవు నోరు తెరిచి ముందు పళ్లు చూడు. గోధుమ, నల్ల మచ్చలు ఉన్నాయా, పళ్లు ఎగుడుదిగుడుగా అరిగాయా. నడకలో బిగుసుకుపోతుందా, కాళ్ల ఎముకల మీద గడ్డలు తగులుతున్నాయా. ఇవి ఉంటే నీళ్లు పరీక్ష చేయించు.

చండూరు_కొట్టం

మాస్టారూ, ఇప్పుడే చూశాను. ఆవు ముందు పళ్ల మీద గోధుమ చారలు ఉన్నాయి. మేము అది వయసు వల్ల అనుకున్నాం. పొద్దున లేచేటప్పుడు ముందు కాళ్లు మడిచి చాలాసేపు ఆగుతుంది. నీళ్లు రేపు నల్గొండ ల్యాబ్‌కు తీసుకుపోతాను.

పాలమూరు_పశువైద్యుడు

మాస్టారు చెప్పింది చాలా ముఖ్యం, నేనే ముందుగా అడగాల్సింది. పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ అందితేనే ఆ మచ్చలు పడతాయి, అంటే పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు. ఆవు పళ్లకు ఇప్పుడు చేయగలిగింది లేదు. కానీ మీ కొట్టంలో రెండు పెయ్యలు ఉన్నాయి కదా. నీళ్లు మార్చాల్సింది ముందు వాటి కోసం.

పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ఇంటి తాగునీటికి పనికొస్తుంది. కొట్టం మొత్తానికి రోజూ చేయడం మోయలేని పని. నల్లా నీళ్లు, చెరువు నీళ్లు, పైకప్పు వాన నీళ్లు ఏవి వీలైతే అవి కలపండి. లోతు బోరు కంటే చెరువులో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. కాల్షియం సరిగా అందే పశువు పేగుల్లో ఫ్లోరైడ్ పీల్చుకోవడం కొంత తగ్గుతుంది.

దీనికి ముడిపడ్డ ఇంకో విషయం. ఖనిజ మిశ్రమంలో భాస్వరం కోసం శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్ కలిపితే అందులోనే ఫ్లోరిన్ ఉంటుంది. మన దగ్గర నీళ్లలో ఉన్నది చాలక సంచిలో కూడా కొనుక్కున్నట్టు అవుతుంది. మిశ్రమంలో ఫ్లోరిన్ ఎంతకు మించకూడదో ప్రమాణంలోనే ఉంది. ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ, పదార్థాల శాతాలు లేని విడి పొడి కొనకండి.

హాలియా_ఆయకట్టు

భాస్వరం సంగతి ఇంతగా నడుస్తుంటే నాకు పోయిన ఏడాది గుర్తొస్తుంది. మా బర్రె ఈనిన మూడో వారంలో మూత్రం కాఫీ రంగులో వచ్చింది. ఊళ్లో సూదులు వేసే ఒకతను గోమారి జ్వరమని, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరమని, రెండు రోజులు సూదులు పొడిచాడు. బర్రె రక్తం తగ్గి తెల్లబడిపోయింది, నిలబడలేకపోయింది. మూడో రోజు డాక్టరు వచ్చి జ్వరం చూశారు, లేదు. భాస్వరం మందు నరానికి ఎక్కించారు. రెండో రోజుకు మూత్రం తేటపడింది. అప్పుడు కూడా మా ఇంట్లో తవుడు లేదు.

పాలమూరు_పశువైద్యుడు

ఎర్ర మూత్రం చూడగానే థర్మామీటర్ పెట్టండి, చెవుల వెనక గోమార్లు ఉన్నాయో చూడండి. గోమారి జ్వరంలో జ్వరం బాగా కాస్తుంది. భాస్వరం లోటులో ఎక్కువగా జ్వరం ఉండదు, ఈనిన మొదటి నెలలో ఎక్కువగా వస్తుంది. రెండింటి మందులు పూర్తిగా వేరు. ఒక రోజు ఆలస్యమైనా రక్తం పోతుంది, వెంటనే పిలవండి.

తవుడు మంచిదని అందరూ ఒక్కసారి పొట్టేళ్లకు పోయకండి. బక్రీద్ కోసం పొట్టేళ్లను మేపేవాళ్లు తవుడు, మక్కలు దండిగా పెడతారు. భాస్వరం ఎక్కువై, కాల్షియం తగ్గి మూత్రనాళంలో రాళ్లు పడతాయి. పొట్టేలు తోక ఊపుతూ ముక్కుతుంది, చుక్క రాదు. దాణాలో సున్నపురాయి పొడి కలపాలి, ఉప్పు, నీళ్లు బాగా అందాలి. అదే తవుడు ఒక కొట్టంలో మందు, ఇంకో కొట్టంలో జబ్బు.

నల్లమల_మందకాడ

ఇది కూడా మా బిడ్డతో రాయించి గోడకు అంటించుకున్నాను సార్.

చండూరు_కొట్టం (మూడు నెలల తర్వాత)

అందరికీ నమస్తే. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, యాసంగి నాట్లలో పడిపోయాను.

గర్భసంచి పరీక్ష చేయించాం, చీము లేదు, అండాశయాలు చిన్నగా, పని చేయకుండా ఉన్నాయని చెప్పారు. నీళ్ల రిపోర్టులో ఫ్లోరైడ్ పరిమితికి రెండింతలు పైనే వచ్చింది. నల్లా నీళ్లు పట్టి పెట్టుకోవడానికి వెయ్యి లీటర్ల ట్యాంకు కొన్నాం. పశువులన్నిటికీ అవి చాలవు, అందుకే ముందు పెయ్యలకు, చూడితో ఉన్న ఇంకో బర్రెకు, మిగిలితే మిగతావాటికి. సాయంత్రం చెరువు దగ్గరికి తోలుకుపోతున్నాం.

తవుడు మళ్లీ మొదలుపెట్టాం, రోజుకు కిలో. మక్కలు సగం తగ్గించాం. ఐఎస్ఐ గుర్తున్న మిశ్రమం 50 గ్రాములు దాణాలో, ఉప్పు విడిగా. బావి పక్కన ఆరు గుంటల్లో నేపియర్ పెట్టాం, మొదటి కోత అయింది.

మట్టి నాకడం ఇరవై రోజుల్లో తగ్గింది, నెల దాటాక పూర్తిగా ఆగింది. పాలు నాలుగున్నర లీటర్లకు వచ్చాయి. రంగు మాత్రం ఇంకా అలాగే ఉంది, మెడ దగ్గర కొత్త వెంట్రుక నల్లగా వస్తుంది. పోయిన నెల తెల్లవారుజామున అరుస్తుంటే మా అమ్మే గమనించింది, ఎద జిగురు తీగ కూడా కనిపించింది. అదే రోజు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. మళ్లీ ఎదకు రాలేదు.

ముసలి ఆవు నడక అలాగే ఉంది. పళ్లు చూసినప్పుడల్లా బాధేస్తుంది. గడ్డి చిన్నగా నరికి, నానబెట్టి పెడుతున్నాం.

పాలమూరు_పశువైద్యుడు

రంగుకు తొందరపడకండి. ఉన్న వెంట్రుక నల్లబడదు, రాలి కొత్తది రావాలి, ఇంకో మూడు నెలలు పట్టొచ్చు. సూది వేసి రెండున్నర నెలలు దాటాక చూడి పరీక్ష చేయించండి. మళ్లీ ఎదకు రాలేదంటే చూడి కట్టిందని అనుకోవద్దు, బర్రెల్లో బయటికి కనిపించని మూగ ఎద ఎక్కువ. చూడి నిలిచిందని తేలితే చివరి మూడు వారాల గురించి జడ్చర్ల అక్క రాసింది మళ్లీ ఒకసారి చదవండి.

జడ్చర్ల_పాలకేంద్రం

ముసలి ఆవుకు నానబెట్టిన గడ్డిలో కొంచెం గంజి కలిపి పెట్టు తమ్ముడూ, పళ్లు లేని పశువు ఇష్టంగా తింటుంది. బర్రె సంగతి తేలాక ఇక్కడే రాయి, మేమంతా చూస్తుంటాం.

మర్రిగూడ_మాస్టారు

ఆ రిపోర్టు నకలు ఒకటి గ్రామ పంచాయతీలో కూడా ఇవ్వు బాబూ. ఆ బోరు మీద ఆధారపడ్డ కొట్టాలు ఇంకెన్ని ఉన్నాయో కనుక్కో. నేను శనివారం చండూరు వస్తున్నాను, కలిసి తిరుగుదాం.